మూడో పాట దగ్గర

ముల్లు దిగింది. ఇక ఇరవై రెండు నిమిషాల పాటు ఈ ఇంట్లో ఎవరూ గట్టిగా అడుగు వెయ్యకూడదు, తలుపు విసిరి వెయ్యకూడదు, ఫ్యాను తిరగకూడదు. ఫ్యాను తిరిగితే బల్ల సన్నగా వణుకుతుంది, ఆ వణుకు ముల్లులోంచి పాటలోకి పోయి గురగురమంటుంది. ఎవరూ అంటే ఇద్దరమే. గోడకి ఇటు నేను, అటు మంచం మీద ఆయన. మా నాన్న. మనసులో అనుకునేటప్పుడు నాన్న అనే మాట నాకు రాదు, చాలా ఏళ్ళుగా ఆయన అనే వస్తుంది, పక్క వాటాలో ఉండే మనిషి గురించి అనుకున్నట్టు. మధ్యాహ్నం మూడయింది. చెమట మెడ వెనక నుంచి దిగి జాకెట్టు అంచు దగ్గర ఆగుతోంది. కంప్యూటరు తెర మీద పాట ఆకుపచ్చ గొంగళిపురుగులా ఎడమ నుంచి కుడికి పాకుతోంది, కింద సెకన్లు మారుతున్నాయి. ఫోటోలైతే నిమిషానికి పది ఎక్కించెయ్యొచ్చు. పాటకి ఆ దారి లేదు. ఇరవై రెండు నిమిషాల పాట లోపలికి ఎక్కాలంటే ఇరవై రెండు నిమిషాలూ పడుతుంది, దాని ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి, మాట్లాడకుండా వినాలి. ఆయన్ని విన్నట్టే. మొత్తం నూట యాభై మూడు రికార్డులు. ఇది నలభై ఒకటోది.

"దుమ్ము తుడిచావా?" గోడ అవతల నుంచి.

"తుడిచాను."

"గుండ్రంగా తుడవాలి. అడ్డంగా కాదు."

"గుండ్రంగానే తుడిచాను."

"నీ గుండ్రం నాకు తెలీదూ!"

తెలుసు, మీకు అన్నీ తెలుసు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయినా నోరు పడిపోలేదు, డాక్టరు అదృష్టం అన్నాడు, ఎవరి అదృష్టమో చెప్పలేదు. చెయ్యి పడిపోయాక మూడు నెలలు ఈ ఇంట్లో పాట లేదు. ఎడమ చేత్తో ముల్లు పెట్టబోయి రెండుసార్లు జార్చాడు, నేను పెడతానంటే "నువ్వా?" అన్నాడు, అంతే, ఆ ఒక్క ముక్కే. ఊరికి దూరంగా ఉండి ఫోన్లో ఉపాయాలు చెప్పే అన్నయ్య దీనికీ ఒక ఉపాయం చెప్పాడు. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించెయ్, ఒక చిన్న పెట్టెలో వేసి నాన్న చేతికిచ్చెయ్, ఎడమ చేత్తో బొత్తాం నొక్కుకుంటాడు, నాకూ ఒక కాపీ పంపు, ఆ చిటపటలన్నీ తీసేసి శుభ్రంగా పంపు. నీకేం పని, ఇంట్లోనే ఉంటావుగా. ఇంట్లోనే ఉంటాను. ముప్పై రెండేళ్ళు ఆఫీసులో టైపు కొట్టి, మా ఆయన పోయాక, కూతురు తన కాపురానికి తను వెళ్ళాక, ఇంట్లోనే ఉంటాను, ఈయనతో. ఈయన ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ప్రతి రికార్డూ ఎక్కుతున్నంతసేపూ తనకి వినపడాలి. పాట వినడానికి కాదు, నన్ను కనిపెట్టడానికి. అల్మరా తాళాలు పనిమనిషికిచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునే యజమానురాలు ఉంటుందే, అలాగ.

మొదటి పాట అయిపోయింది. పాటకీ పాటకీ మధ్య మౌనం తెర మీద సన్నటి గీత. ఆ గీత మీద చిన్న చిన్న ముళ్ళు లేచి ఉన్నాయి, అవి చిటపటలు, అరుగుదల. అన్ని రికార్డులూ అరిగిపోయాయి. ప్లేయరు బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఆర్మ్ కొస మీద టేపుతో అంటించిన నాణేన్ని చాలాసేపు చూశాడు. ముల్లు ఎగరకుండా బరువు కోసం పెట్టిన నాణెం అది, చాలా ఏళ్ళుగా అక్కడే ఉంది, ఎప్పుడు పెట్టారని నేనెన్నడూ అడగలేదు. "ఎవరమ్మా ఈ పని చేసింది? ఇది ముల్లు కాదు, నాగలి. వీళ్ళు పాట వినలేదు, దున్నారు." మా నాన్నగారండీ అన్నాను. "అలాగా, అయితే నేనేమీ అనను లెండి" అని, వెళ్ళేదాకా అంటూనే ఉన్నాడు. గోటితో గీకి నాణెం తీసేశాడు, కొత్త ముల్లు బిగించాడు, చిన్న త్రాసు లాంటిది పెట్టి బరువు సరిచేశాడు, ఇంత చాలు, ఈగ వాలినంత. ఈగ వాలినంత. ఆ మాట నాకెంత హాయిగా ఉందో. అంటే ఇన్నేళ్ళూ ఈ పాటల్ని అరగదీసింది నా చెయ్యి కాదు. నేను ముట్టుకున్నది ఒక్కసారే. ఆ ఒక్కటీ తప్ప మిగిలిన పాపమంతా ఆయనదే అని ఆ రోజు నాలుగు గంటలు నాలో నేనే నవ్వుకున్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి తన కుందేళ్ళన్నిటినీ తనే కుంటివి చేసుకున్నాడు.

ఆ ఒక్కటీ పొద్దున కనపడింది. రికార్డుల పెట్టె అడుగున, బొమ్మ అట్ట లేకుండా, ఉత్త తెల్ల కాయితం కవర్లో. కవరు మీద ఆయన గుండ్రటి రాత. "పాడైనది. చిన్నదాని చేతి పని." కింద తేదీ. చిన్నదాన్ని నేను. ఏభై నాలుగేళ్ళొచ్చాయి, ఆ కవరు మీద ఇంకా పదకొండేళ్ళే. దాన్ని ఎక్కించను అనుకుని బల్ల కింద పెట్టాను. ఆ తర్వాతదే ఇది, ఇప్పుడు తిరుగుతున్నది. అదే పాటలు, అదే రికార్డు, ఇంకో కాపీ, బొమ్మ అట్టతో సహా. అంటే మళ్ళీ కొనుక్కున్నాడన్నమాట. నాకు తెలీదు. ఆ పెట్టె ఉన్న గదిలోకే నన్ను రానిచ్చేవాడు కాదు, తెలిసేదెలా.

పదకొండేళ్ళు. బడి మధ్యాహ్నమే వదిలేశారు. ఆయన ఆ సాయంత్రమే తెచ్చిన, కాదు, ముందు రోజు సాయంత్రం తెచ్చిన కొత్త రికార్డు, సెలవు రోజున విందామని అలాగే బీరువా మీద పెట్టాడు, కొత్త బట్ట వాసన లాంటి వాసన. అమ్మ నిద్రపోతోంది. కుర్చీ ఎక్కి దించాను. రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకున్నాను, ఆయన ఎలా పట్టుకుంటాడో అలాగే, ఎన్ని వందలసార్లు చూశాను. ముల్లు ఎంత మెత్తగా దించానంటే పాట మొదలయ్యేదాకా దిగిందని నాకే తెలీలేదు. రెండు పాటలు. నేల మీద బాసింపట్టు వేసుకుని. మూడో పాటలో ఒక ఆడగొంతు "వాకిట వెన్నెల" అనబోయి "కిట వెన్" దగ్గర ఆగిపోయింది. కిట వెన్. కిట వెన్. కిట వెన్. మొదట నవ్వొచ్చింది, రైలులా ఉంది. తర్వాత అమ్మ లేచిందేమోనని చూశాను. ఎత్తేశాను, తుడిచేశాను, ఎక్కడిదక్కడ పెట్టేశాను. సెలవు రోజు ఆయన పెట్టాడు. కిట వెన్. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నవాడు తెరిచాడు. ఎవరు ముట్టుకున్నారు అంటే పధ్నాలుగేళ్ళ అన్నయ్య ఇడ్లీ అడిగినంత మామూలుగా "చిన్నది పెట్టుకుంది నాన్నా" అన్నాడు. కొట్టలేదు. కొట్టినా బావుండేది, దెబ్బ మర్నాటికి పోతుంది. నా రెండు చేతులూ పట్టుకుని, కొట్లో సరుకు తిప్పి చూసినట్టు తిప్పి, అమ్మకి చూపించాడు. "చూడు. ఇవి చేతులా, రోకళ్ళా?"

ఆ రోజు నుంచీ రోకలి. రోకలీ ఇటు రా, రోకలీ నువ్వు కాదు, గ్లాసులు అన్నయ్య పట్టుకెళ్తాడు. వెనక సందులో ఒక మాస్టారి దగ్గర ఎనిమిది నెలలుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను, అదీ ఆగిపోయింది. ముల్లు దించడం రానిదానికి కమానెందుకు అన్నాడు. మాస్టారు ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "దీని చెయ్యి చాలా మెత్తనండీ, నా మాట వినండి" అన్నాడు. "మీ ఫీజు మీకు రావాలి కాబట్టి మెత్తగానే ఉంటుంది" అన్నాడు ఈయన. మాస్టారు చెప్పులు తొడుక్కుంటుంటే ఆయన బొటనవేలు ఉంగరంలో దూరక రెండుసార్లు తప్పింది, నేను కిటికీలోంచి ఆ బొటనవేలునే చూశాను. టైపు నేర్చుకుంది అందుకే, కీలు ఎంత గట్టిగా కొట్టినా విరగవు. పెళ్ళిచూపుల్లో ఏమొచ్చు అంటే ఆయనే చెప్పాడు, పగలగొట్టడం వచ్చు అని, అందరూ నవ్వారు, మా ఆయన కూడా, తర్వాత చాలా ఏళ్ళకి ఎందుకు నవ్వావంటే అందరూ నవ్వారు కదా అన్నాడు. కూతురు పుట్టింది. మొదటి నెలంతా నేను పిల్లని ఎత్తుకోలేదు. ఎవరికీ తెలీదు ఎందుకో, నీరసం అనుకున్నారు. పాలు పట్టాలంటే అమ్మ తెచ్చి ఒళ్ళో పెట్టేది, నేను చేతులు పక్కకి పెట్టుకుని కూర్చునేదాన్ని. పట్టుకోవే, కరవదు, అనేది అమ్మ. నీళ్ళు పొయ్యడానికి కాళ్ళ మీద పడుకోబెట్టుకుంటే ఆ తడి మెడ, ఆ మెడ కింద నా అరచెయ్యి, అది జారుతుంది, ఇది రోకలి, జారుతుంది. ఇంకొకరు పోశారు నీళ్ళు. నా పిల్లకి మొదటి నెల ఇంకొకరి చేతులు. దానికి గుర్తుండదు. నాకుంటుంది.

రెండో పాట చివరికొచ్చింది. వయొలిన్లు ఒకదాని వెనక ఒకటి దిగిపోతున్నాయి. ఎనిమిది నిమిషాల యాభై సెకన్లు. నాకు లోపల ఏదో అవుతోంది, ఇది ఏమిటో పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. సంతోషం. ఇప్పుడొచ్చే మూడో పాట నేను పూర్తిగా ఎన్నడూ వినలేదు. రేడియోలో వస్తే లేచి వెళ్ళిపోయేదాన్ని, ఎవరి పెళ్ళిలోనో మైకులో వస్తే చేతులు కడుక్కునే నెపం మీద బయటికి. కానీ ఈ కాపీ వేరు. దీన్ని పదకొండేళ్ళ పిల్ల ముట్టుకోలేదు. ఇందులో వెన్నెల తర్వాత ఏముందో అదుంటుంది. ఇన్నేళ్ళు ఒక మాట సగంలో ఆగి ఉంది, ఇవాళ అది పూర్తవుతుంది, నా బల్ల మీద, నా కంప్యూటర్లోకి. మొదలైంది. ఆడగొంతు తగ్గు స్థాయిలో, ఎవరికో చెవిలో చెప్తున్నట్టు. నేను తెర చూడటం మానేశాను.

కిట వెన్. కిట వెన్. కిట వెన్.

"పాడు చేశావా! మళ్ళీ పాడు చేశావా రోకలీ!"

నా చెయ్యి మౌసు మీద నుంచి వెనక్కి పోయింది, కాలినట్టు. రెండోది కూడా. ఏభై నాలుగేళ్ళొచ్చినా చేత కాలేదు, రెండోది కూడా, నా చెయ్యి తగిలితే చాలు. గోడ మీద ఆయన ఎడమ పిడికిలి ధన్ ధన్ మంటోంది. తర్వాత లెక్క చూస్తే తెర మీద ఒకే ఆకారం పంతొమ్మిదిసార్లు పడి ఉంది, ఒకే అచ్చుతో గుద్దినట్టు, అంటే అరనిమిషం పైనే నేను నా చేతిని చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఒక ఆలోచన వచ్చింది, నిదానంగా, వీధి చివర కనపడి గుమ్మందాకా నడిచొచ్చే మనిషిలాగ. నేను దీని అంచు తప్ప ఏమీ ముట్టుకోలేదు. ముల్లు మొదట్లో దించాను. అది ఇక్కడిదాకా దానంతటది వచ్చింది. ఇదే పాట. ఇదే మాట. ఇదే సగం.

కుర్చీ వెనక్కి తోసి, బల్ల కింద తెల్ల కవరు తీశాను. ఇది ఎత్తేసి అది పెట్టాను. మొదటి నుంచి కాదు, నేరుగా మూడో పాట ముందు, పాటకీ పాటకీ మధ్య ఆ నల్లటి సందులో, వెంట్రుకవాసి సందు అది. ముల్లు సరిగ్గా అందులో దిగిందని చాలాసేపటి తర్వాత కానీ నాకు తట్టలేదు. అవతల నుంచి ఏం చేస్తున్నావు, ఏం చేస్తున్నావు అని అరుపు. ఆడగొంతు చెవిలో చెప్పినట్టు మొదలైంది. కిట వెన్. కిట వెన్. తెర మీద మళ్ళీ అవే ఆకారాలు. పైన ఒక రికార్డుది, కింద ఇంకో రికార్డుది, రెండూ ఒక తల్లి బిడ్డల్లా.

ముల్లు ఎత్తలేదు. ఫోను తీసి అన్నయ్యకి చేశాను.

"ఏంటే, మీటింగులో ఉన్నా. త్వరగా చెప్పు." అంతలోనే నవ్వు. "ఏంటది, ఆ వెనకాల? కిట వెన్! ఒరినీ, అదింకా బతికే ఉందా?"

"రెండో రికార్డు ఎప్పుడు కొన్నారు?"

"ఏ రెండోది? ఓ, అదా. నేనే వెళ్ళి తెచ్చాను కదే సైకిలు మీద. నీ గొడవ జరిగిన ఇరవై రోజులకే. అదీ అక్కడే ఇరుక్కుంది. నాన్న మొహం చూడాలి అప్పుడు! అందుకే కదా నాణెం పెట్టింది. బరువుకి దాటేసేది. ఎంత నవ్వుకున్నామో ఇద్దరం." ఎవరితోనో వస్తున్నా అన్నాడు. "ఏం, ఏమైంది? నీకు తెలీదా?"

తెలీదు.

"అబ్బా, ఎప్పటి గోల అది. సరే కానీ, ఆ ముక్క కత్తిరించేసి అతికించెయ్, కంప్యూటర్లో అయిపోతుంది కదా? వింటే తెలియకూడదు."

పెట్టేశాను. ఎంత నవ్వుకున్నామో ఇద్దరం. నేనెక్కడున్నాను ఆ పూట? వంటింట్లో ఉండి ఉంటాను, లేదా పెరట్లో, వాళ్ళ నవ్వు వినే ఉంటాను, నా గురించి కాదులే అనుకుని కాస్త తేలికపడి కూడా ఉంటాను. ఇరవై రోజులు. ఇరవై రోజులు ఆయన లెక్కలో నేను నిజంగా దోషిని, ఆయన తెలియక అన్నాడు, అది కోపం, అది మనుషులకి వస్తుంది. ఆ తర్వాత నలభై మూడేళ్ళు తెలిసే అన్నాడు. పెళ్ళిచూపుల్లో తెలిసే అన్నాడు. పిల్లని ఎత్తుకోనప్పుడు మంచం కోడు దగ్గర నిలబడి "పోన్లే, దాని చేతుల సంగతి తెలిసిందే కదా" అన్నాడు, తెలిసే.

ఆయన గదిలోకి వెళ్ళాను. వెనక పాట అలాగే నడుస్తోంది, నడవడం ఏముంది, నిలబడి కాళ్ళు ఆడిస్తోంది. గోడని కొట్టి కొట్టి పిడికిలి ఎర్రబడింది. దుప్పటి మీద కుడి చెయ్యి ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉంది.

"ముందు వెళ్ళి ముల్లు ఎత్తు. గాడి అరిగిపోతుంది."

"రెండోది కూడా ఇరుక్కుంది నాన్నా." నాన్నా అనడం నాకే వింతగా వినపడింది.

"కంపెనీ తప్పు అది. అచ్చులోనే తేడా. ఆ విడత మొత్తం అంతే."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"తెచ్చిన రోజే తెలిసింది. పెడితే తెలీదూ?"

గదికొచ్చే ఆ పది అడుగుల్లో నేను అన్నిటికీ సిద్ధపడ్డాను. గుర్తు లేదంటాడు, గుర్తు చెయ్యాలి. అబద్ధమంటాడు, రెండూ తెచ్చి మొహాన పెట్టాలి. ఏడుస్తాడు, దానికి మాత్రం లొంగకూడదు, ముసలి ఏడుపుకి లొంగితే ఇక ఈ జన్మకి ఇంతే. ఇలా, వాన పడిందా అంటే పడింది అన్నట్టు చెప్తాడని అనుకోలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన నా వైపు చూశాడు. దాచుకున్న చూపు కాదు, సిగ్గు లేదు, ఇంత చిన్న సంగతి అర్థం కానిదానికి ఎలా చెప్పాలా అనే విసుగు ఒక్కటే ఉంది.

"చెప్తే మళ్ళీ ముట్టుకునేదానివి."

అంతే. అది ఆయనకి సరిపోయింది. బీరువాకి తాళం ఎందుకు వేశారంటే ఎలుకలు అన్నట్టు. ఇందులో ఒప్పుకోనిదేముంది అన్నట్టు గడ్డం ఎత్తి గుమ్మం వైపు చూపించాడు, వెళ్ళు, ఎత్తు. నేను ఆ మాటలో ఇంకేమైనా ఉందేమో అని వెతికాను, భయమో, పశ్చాత్తాపమో, ప్రేమ అయినా సరే, వక్రంగానైనా సరే. నూట యాభై మూడు రికార్డులున్నాయి. అవి భద్రంగా ఉన్నాయి. ఇంకేమీ లేదు.

"ఇంకా చూస్తావేమే? ఎత్తు వెళ్ళి!"

"ఎత్తను."

"చెవులు చిల్లులు పడుతున్నాయి!"

"పడనీండి."

కిట వెన్. కిట వెన్. నేను కదలను అని అర్థమయ్యాక ఆయన ఎడమ చెయ్యి ఎత్తి ఎడమ చెవి మూసుకున్నాడు, అరచేత్తో గట్టిగా, చిన్నపిల్లలు ఉరుముకి మూసుకున్నట్టు. కుడి చెయ్యి దుప్పటి మీద ఉంది, అది లేవదు. కుడి చెవి అలాగే ఉండిపోయింది, తెల్ల వెంట్రుకలతో, పెద్దగా, తెరుచుకుని.

నేను స్టూలు లాక్కుని, మంచం చుట్టూ తిరిగి, ఆ చెవి వైపు వచ్చి కూర్చున్నాను.